అత్తగారి ఎదుట ఒక బంగారుతీగ

మా మామగారు గడియారాల షాపు మూసేసిన ఏడాది నాకు ముప్పై రెండేళ్లు. నేను ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటవాణ్ణి. తెల్లవారుజామున వెళ్లి, రెండు పూటలకీ కలిపి ఎనిమిది వందల మందికి వండి, సాయంత్రం నాలుగింటికి నూనె వాసనతో ఇంటికి వచ్చేవాణ్ణి. మేం ఉండేది మూడో అంతస్తు. అదే మెట్లకి రెండో అంతస్తులో అత్తమామలు. నా భార్య వాళ్లకి ఒక్కతే కూతురు కాబట్టి మెట్ల మీద రోజుకి పదిసార్లైనా ఆమె చెప్పుల చప్పుడు వినిపించేది.

షాపు మూయించింది మామగారి కళ్లు. చూపుకి నడిమధ్యన మసక కమ్మింది. పక్కల ఉన్నది కనబడేది, ఎదురుగా ఉన్నది కనబడేది కాదు. మన మొహం చూడాలంటే ఆయన మన చెవి వైపు చూసేవారు. నడవగలరు, మెట్లు దిగగలరు, బస్సు నంబరు మాత్రం ఇంకొకరిని అడగాలి. చేతి గడియారంలో ఆవగింజంత మర బిగించడం ఇక కుదరదు. ఇంతకంటే పోదు, పోయింది రాదు అని డాక్టరు తేల్చేశాడు. నలభై ఏళ్లు కూర్చున్న బల్లని ఇంకో గడియారాల మనిషికి ఇచ్చేసి ఆయన ఇంటికి వచ్చారు.

ఆ తర్వాత ఆయనకంటూ మిగిలింది ఆదివారం ఒక్కటే. ఊరి చివర ఇటుకబట్టీ వెనక ఒక పాత రాళ్ల క్వారీ ఉండేది. తవ్వడం ఎప్పుడో మానేశారు. ఊటనీళ్లు నిండి చెరువంత అయింది. ఎవరు వదిలారో తెలియదు గానీ అందులో బంగారుతీగలు పెరిగాయి. మూతికి నాలుగు మీసాలు, రాగి బిళ్లల్లాంటి పొలుసులు, ఒడ్డున నిలబడితే మన నీడకే బెదిరే చేపలు. మామగారు పెళ్లైన కొత్తలోంచీ ప్రతి ఆదివారం అక్కడికి వెళ్లి గాలం వేసేవారు. పట్టినదాన్ని పట్టినట్టే వదిలేసేవారు. "తింటే బురద వాసన. చూస్తే బాగుంటుంది," అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు.

ఆ వేసవి మొదట్లో ఒక ఆదివారం ఆయన నాచుపట్టిన రాయి మీద కాలు జారి మెడలోతు నీళ్లలో పడ్డారు. బట్టీ కాపలాదారు చూసి పైకి లాగాడు. కుక్కల్ని అదిలించడానికి రోజంతా ఈల వేస్తుంటాడని అతన్ని అందరూ ఈలాయన అనేవాళ్లు. ఈలాయన వెంటబెట్టుకుని తీసుకొచ్చేసరికి మామగారికి ఒక కాలికే బూటు ఉంది. అత్తగారు తువ్వాలు తెచ్చారు. ఆయన తల తుడిచారు, పొడిబట్టలు ఇచ్చారు, ఈలాయనకి టీ పోసిచ్చారు. మర్నాటికి గాలపు కర్ర పాత దుప్పట్లో చుట్టుకుని బీరువా మీదికి ఎక్కింది.

మూడు ఆదివారాలు గడిచాయి. మామగారు కిటికీ పక్కన కూర్చుని, నడవని అలారం గడియారం ఒకటి ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో తడుముతూ మరలు విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. తిండి తగ్గింది. మాట అంతకంటే తగ్గింది. ఇద్దరు మనుషులు ఉప్పు అందించమని కూడా ఒకరినొకరు అడక్కుండా భోజనం ముగించడం నేను ఆ ఇంట్లోనే చూశాను.

"నాన్న ఇలాగే కూర్చుంటే వానాకాలానికి మంచం ఎక్కేస్తారండీ," అంది నా భార్య. "అమ్మ నా మాట వినదు. మీరు అడగండి. అల్లుడు అడిగితే కాదనడానికి మొహమాటపడుతుంది."

కన్నకూతురికి కూడా తల్లి గురించి తెలియని సంగతులు ఉంటాయి.

"క్వారీకి నేను ఆయనకి తోడు వెళ్తాను అత్తయ్యా," అన్నాను ఆ సాయంత్రం కిందికి దిగి.

ఆవిడ చేతిలోని పళ్లెం తుడవడం ఆపలేదు. "మీకు ఈత వచ్చా అల్లుడుగారూ?"

"వచ్చు."

"చేపలు పట్టడం?"

"రాదు."

"అయితే ఆయన పక్కన మీరు ఉండటమూ గొడుగు ఉండటమూ ఒకటే. గొడుక్కి బస్సులో టిక్కెట్టు అక్కర్లేదు."

కిటికీ దగ్గర మామగారు మూడు వారాల్లో మొదటిసారి నవ్వారు. దాంతో ఆవిడకి నిజంగా కోపం వచ్చింది.

"నవ్వుతారేం? మీరు ఎందుకు పడ్డారో నాకు తెలియదనుకున్నారా? దారం రాళ్లలో చిక్కుకుంటే విప్పడానికి వంగారు. కనబడక పడ్డారు. పక్కనున్నవాడికి పని వస్తే మీరు వంగక్కర్లేదు. పని రానివాడైతే వాడికి చూపిస్తూ మళ్లీ పడతారు. ఇద్దర్నీ తుడవడానికి నా దగ్గర అన్ని తువ్వాళ్లు లేవు."

పళ్లెం అరలో పెట్టి ఆవిడ తీర్పు చెప్పారు. వానలు మొదలయ్యేలోపు ఒక్క బంగారుతీగ. దాన్ని నేను పట్టాలి, మామగారి చెయ్యి కర్రకి తగలకూడదు. ఆవిడ వచ్చి కళ్లారా చూస్తారు. అందాకా ఆయన ఆదివారం వచ్చి నాకు నేర్పవచ్చు గానీ నీళ్లకి పదడుగుల అవతలే కూర్చోవాలి. నావల్ల కాకపోతే ఆ కర్ర ఈలాయనకి ఇచ్చేస్తారు, కుక్కల్ని తోలుకోవడానికి.

వానలకి ఎనిమిది వారాలు ఉన్నాయి.

మామగారు ఆ పూటే మొదలుపెట్టారు. భోజనాల బల్ల మీద కొక్కేలు, సీసపు గుండ్లు, నైలాన్ దారం పరిచారు. ముడి వేయడం కళ్లు మూసుకుని చూపించారు. "కళ్లు తెరిచినా నాకు ఒకటే కదా," అన్నారు. నీళ్లమీద తేలే బెండు కనబడని రోజులు వచ్చాక ఆయన బెండు మానేశారట. గుండు కట్టిన ఎరని అడుగుకి వదిలి, కర్రని పంగలపుల్ల మీద ఆనించి, దారం చుట్టిన రీలు మర వదులుగా ఉంచుతారు. చేప లాగితే రీలు కిర్రుమంటుంది. ఆ చప్పుడులో ఏముందో ఆయనకి తెలుస్తుంది. గడియారం వెనక మూత తీయకుండానే చెవి దగ్గర పెట్టుకుని రోగం చెప్పిన మనిషి ఆయన.

"ఒకటి రెండు టిక్కులకి లేవకు అల్లుడూ. అది మూతితో తోసి చూస్తోందన్నమాట. వరసగా కిర్రుమంటే అప్పుడు లే. కానీ అదంతా తర్వాత. ముందు వాటికి ఆ చోటు అలవాటు చెయ్యాలి. రోజూ సాయంత్రం అదే వేళకి, అదే రాయి దగ్గర, ఉడికించిన మొక్కజొన్న గింజలు నాలుగు గుప్పెళ్లు వెయ్యి. వారం తిరిగేసరికి నీకంటే ముందు వచ్చి కూర్చుంటాయి."

సరే అన్నాను. మర్నాడు డ్యూటీ దిగి, ఇంట్లో గింజలు ఉడికించి, గిన్నె సంచిలో పెట్టుకుని ఆరు స్టాపులు బస్సులో వెళ్లాను. నాలుగు గుప్పెళ్లు వేశాను. అంత నీటిలో అవి ఎక్కడికి పోయాయో తెలియలేదు. గిన్నెలో ఇంకా ముప్పావు వంతు ఉంది. నాకు చిన్నతనంగా అనిపించింది. నా చేతికి కొంచెం పెట్టడం రాదు. క్యాంటీన్‌లో రాత్రంతా రోగి పక్కన కూర్చుని వచ్చినవాళ్లు పళ్లెం పట్టుకుని నిలబడితే, చాలు అనేదాకా పెట్టడమే నాకు తెలిసిన పని. గిన్నె మొత్తం బోర్లించాను. మర్నాడు ఇంకాస్త పెద్ద గిన్నె తీసుకెళ్లాను.

పొద్దున్న దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా నేను పొయ్యి వెలిగించేవాణ్ణి కాదు, ఇప్పటికీ అంతే. కానీ గుడికి వెళ్లి గంటలు గంటలు కూర్చునే తీరిక ఏనాడూ లేదు. ఆకలిగా ఉన్న నోటికి పెట్టడమే నా వంతు పూజ అని సరిపెట్టుకున్నాను. ఆ సాయంత్రాలు క్వారీ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. గింజలు పడ్డ కాసేపటికి అడుగునుంచి బుడగలు లేచేవి, ముందు రెండు మూడు, తర్వాత గంజి మరిగినట్టు. కింద చేపలు బురద కెలుకుతున్నాయన్నమాట. అవి చూస్తూ చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. అంత ప్రశాంతంగా నేను మరెక్కడా ప్రార్థన చేయలేదు. నాలుగో రోజుకి సంచి మోయలేక బకెట్టు పట్టుకెళ్లాను.

మొదటి ఆదివారం గాలం వేశాం. బుడగలే బుడగలు. రీలు ఒక్క టిక్కు కూడా అనలేదు. రెండో ఆదివారం అంతే. మూడో ఆదివారం ఒకటి మా కళ్లెదుటే నీళ్లమీదికి ఎగిరి దభీమని పడి, నా ఎర దగ్గరికి మాత్రం రాలేదు. మామగారు పదడుగుల వెనక ఇటుకల మీద కూర్చుని ముడి మార్పించారు, గుండు మార్పించారు, ఎర మార్పించారు.

"ఇన్ని బుడగలు వచ్చి ఒక్కటి ముట్టుకోకపోవడం ముప్పై ఏళ్లలో చూడలేదు," అన్నారు.

ఈలాయన అటుగా వచ్చాడు. "ముట్టుకోవడానికి వాటికి ఖాళీ ఉండాలి కదండీ. మీ అల్లుడుగారు రోజూ పెళ్లి భోజనం పెడుతున్నారు. బకెట్టుతో."

మామగారు తల తిప్పి నా చెవి వైపు చూశారు. "బకెట్టా?"

నేను కర్రని పంగలపుల్ల మీద సర్దాను.

"ఎన్ని గుప్పెళ్లు వెయ్యమన్నాను?"

"నాలుగు."

"ఎంత వేస్తున్నావు?"

"నాలుగు గుప్పెళ్లు మరీ తక్కువ అనిపించి మామయ్యా..."

"తక్కువగానే ఉండాలి నాయనా. మొక్కజొన్న కనబడగానే పరిగెత్తుకొచ్చేంత ఆకలి మిగల్చాలి. నువ్వు వాటిని పీకలదాకా మేపి, ఆ పైన కొక్కెం మీద ఒక గింజ చూపిస్తున్నావు. మీ క్యాంటీన్‌లో తిని లేచినవాణ్ణి మళ్లీ కూర్చోమంటే కూర్చుంటాడా?"

"మా క్యాంటీన్‌లో కూర్చుంటారు," అన్నాను.

ఈలాయన పైకి నవ్వలేక ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. మామగారు కాసేపు తల పట్టుకున్నారు. తర్వాత నన్ను నీళ్ల అంచున చెయ్యి పెట్టమన్నారు. అడుగున మొక్కజొన్న పొరలా పరుచుకుని ఉంది. పైకి తీస్తే పులిసిన వాసన.

"నాలుగు రోజులు ఇటువైపే రాకు. ఐదో రోజు ఒక్క గుప్పెడు. నా గుప్పెడు, నీది కాదు," అన్నారు.

ఆ నాలుగు సాయంత్రాలూ నాకు కాలు నిలవలేదు. చేపలు వచ్చి చూసి వెళ్తున్నాయేమో అనిపించేది. అప్పటిదాకా తట్టని సంగతి అప్పుడు తట్టింది. పెట్టిన చేత్తోనే కొక్కెం గుచ్చడం ఏమిటి? నమ్మి వచ్చినవాటిని పట్టుకోవడమే కదా ఇది? ఒక పూట మామగారినే అడిగేశాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాం.

"దానికి నొప్పి ఉండదని ఎవరైనా చెబితే నమ్మకు," అన్నారు ఆయన. "ఉంటుంది. నేను దాన్ని తగ్గించడం నేర్చుకున్నాను. కొక్కేనికి వెనక్కి ఊడకుండా పట్టే ముల్లు ఉంటుంది, దాన్ని అరగదీసేస్తాను. చేతులు తడుపుకోకుండా ముట్టుకోను, పొడిచేత్తో ముట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోతుంది. తడిపిన గోనెపట్టా మీద తప్ప పడుకోబెట్టను. అంతవరకే నాకు చేతనైంది. నొప్పే లేకుండా చెయ్యడం రాలేదు. మానెయ్యడమూ రాలేదు."

"దేవుడు ఒప్పుకుంటాడంటారా?"

"నువ్వు రోజూ మాట్లాడతావు కదా, నువ్వే అడుగు. నాకూ చెప్పు."

అడిగాను. జవాబు రాలేదు. అత్తగారు పెట్టిన పరీక్ష సంగతి దేవుడి ముందు ఎత్తలేకపోయాను. ఒక చేప మూతికి కొక్కెం గుచ్చుకోవాలని ఏ నోటితో మొక్కుకోను? మామయ్య ఆదివారాలు ఆయనకి మిగల్చమని మాత్రం అడిగాను. అదీ ఇదీ ఒకటే కోరిక కదా అని తర్వాత తోచింది. దేవుడికి ముందే తోచి ఉంటుంది.

చేప తగిలాక దాన్ని ఎలా ఆడించాలో నేర్పడానికి చేప కావాలి. అది లేదు కాబట్టి మామగారు తన కూతుర్ని చేపని చేశారు. దారం చివర గుండు కట్టి ఆమె చేతికి ఇచ్చారు. నేను మూడో అంతస్తు రెయిలింగ్ దగ్గర కర్ర పట్టుకుని నిలబడాలి, ఆమె మెట్లమీంచి కిందికి పరిగెత్తాలి. మామగారు మధ్య మెట్టు మీద నిలబడి రీలు చప్పుడు వింటారు.

"అది లాగితే ఇవ్వు. అది ఆగినప్పుడు తీసుకో. అదీ నువ్వూ ఒకేసారి లాగారో, దారం మిగలదు."

"ఏమండీ, మెల్లగా. వేలు కోసుకుపోతోంది," అంది చేప.

"చేపలు మాట్లాడవమ్మా," అన్నారు మామగారు.

రెండో అంతస్తు తలుపు తెరుచుకుంది. గుమ్మానికి అడ్డంగా సాగిన దారాన్ని అత్తగారు కింది నుంచి పైదాకా చూశారు. "ఏం పట్టారు అల్లుడుగారూ?"

"మీ అమ్మాయిని అత్తయ్యా."

"దాన్ని ఎనిమిదేళ్ల కిందటే పట్టారుగా. కొత్తది పట్టండి," అని తలుపు వేసుకున్నారు.

ఇప్పుడు అక్కడ ఇంకెవరో ఉంటున్నారు. కానీ ఆ మెట్ల వాసన, సున్నం, ఎవరింట్లోంచో సబ్బు, మా అందరి చెప్పుల దుమ్ము, ఇప్పటికీ ఎక్కడైనా పాత మెట్లెక్కితే తగులుతుంది. అందరం బతికి ఉండి, ఒకే దారం పట్టుకుని కేకలేసుకున్న రోజులవి.

వారాలు కరిగిపోయాయి. గుప్పెడు లెక్క కుదిరాక టిక్కులు మొదలయ్యాయి. మొదటి టిక్కుకే లేచి ఒకదాన్ని బెదరగొట్టాను. ఇంకోటి తగిలింది, నేను బిగబట్టేసరికి దారం పుటుక్కుమంది. వానలకి ముందు మిగిలింది ఇక ఒక్క ఆదివారం. "ఇక నేను వచ్చి చూస్తాను. అవుతుందో కాదో తేలిపోతుంది," అన్నారు అత్తగారు.

ఆ ఆదివారం పొద్దున్నే మబ్బు పట్టి గాలి ఆగిపోయింది. అత్తగారు పెళ్లికి వెళ్లేటప్పుడు వేసుకునే చెప్పులు వేసుకుని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని వచ్చారు. రాయి మీద పేపరు పరిచి, దాని మీద నిటారుగా కూర్చున్నారు. ఈలాయన పని వదిలేసి వచ్చి వెనక నిలబడ్డాడు. "ఈ పూట ఈల వెయ్యకు," అని అత్తగారు అతన్ని ముందే హెచ్చరించారు. మామగారు తన పదడుగుల దూరంలో ఇటుకల మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు. వాటిని ఆయనే నమ్మినట్టు లేదు.

ఒక గుప్పెడు వేశాను. గాలం వేశాను. కర్ర పంగలపుల్ల మీద పెట్టాను. గంట గడిచింది, రెండు గడిచాయి. అత్తగారు నీళ్లు చూస్తున్నారో, భర్తని చూస్తున్నారో నేను వెనక్కి తిరిగి చూడలేదు.

రీలు టిక్కుమంది.

మామగారి తల లేచింది. నేను కదల్లేదు. ఇంకో టిక్కు. ఆ తర్వాత రీలు కిర్రుమని ఆగకుండా తిరిగింది.

కర్ర ఎత్తాను. అవతల ఉన్నది చేప అనిపించలేదు, లారీకి దారం కట్టినట్టు అనిపించింది. అది క్వారీ నడిబొడ్డుకి దూసుకుపోయింది. కర్ర వంగింది. భయంతో నా బొటనవేలు దానంతటదే రీలు బిగించబోయింది. వెనక మామగారి ఊపిరి వినబడింది. నేను చేస్తున్నది తప్పని ఆయనకి చప్పుడులోనే తెలిసిపోయింది. ఓరకంట చూస్తే, నోరు తెరిచి, భార్య వైపు తిరిగి, మళ్లీ మూసుకున్నారు.

"చెప్పండి," అన్నారు అత్తగారు. "చెయ్యి తగలకూడదన్నాను. నోరు కాదు."

"వదులు అల్లుడూ," అన్నారు మామగారు, అప్పటిదాకా ఆ మాట పళ్ల వెనకే ఉన్నట్టు. "వేలు తియ్యి. పోనీ. ఇంకా పోనీ. అలసిపోతోంది, విను, చప్పుడు పలచబడింది. ఆగింది. ఇప్పుడు చుట్టు. మెల్లగా. అది తిరిగింది, నీ కుడికి వస్తోంది, కర్ర ఎడమకి వంచు."

నేను చూస్తున్నాను, ఆయన వింటున్నారు. ఎడమకి వంచాక నీళ్లలో కుడివైపు ఎర్రటి వీపు ఒకటి మెరిసి మునిగింది. ఆయన చెప్పిందే నాకు కనబడుతోంది, అదీ ఆయన చెప్పిన తర్వాత.

"వదలకు బాబూ, వదలకు," అన్నారు అత్తగారు. ఎనిమిదేళ్లుగా నన్ను మీరు, గారు అన్న మనిషి. లేచి నిలబడ్డారు. కింద పేపరు ఎగిరిపోయింది.

ఎంతసేపు జరిగిందో తెలియదు. చేప ఒడ్డుకి పక్కవాటుగా వాలి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, కర్ర రెండు చేతులతో పట్టుకున్నవాడికి చేతివల పట్టడానికి మూడో చెయ్యి ఉండదని. ఇన్ని వారాల పాఠాల్లో ఎవరికీ ఇది తట్టలేదు, ఎందుకంటే ఎప్పుడూ ఒక్కటీ అంత దగ్గరికి రాలేదు. మామగారు లేచి అడుగు ముందుకి వేశారు.

"మీరు అక్కడే ఉండండి," అన్నారు అత్తగారు. హ్యాండ్‌బ్యాగు ఈలాయన చేతిలో పెట్టారు. చెప్పులు విప్పారు. వల తీసుకుని మోకాలిలోతు నీళ్లలోకి దిగారు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"వల ముంచి ఉంచు," అన్నారు మామగారు. "నువ్వు దాని దగ్గరికి వెళ్లకు. అల్లుడు దాన్నే నీ మీదికి తెస్తాడు. తల లోపలికి వచ్చాక ఎత్తు."

ఎత్తారు. ఆ బరువుకి ఒక్క అడుగు తూలి నిలదొక్కుకున్నారు.

తడిపిన గోనెపట్టా మీద పడుకోబెట్టాం. నాలుగు కిలోలకి తక్కువ ఉండదు. పొలుసుల మీద నీళ్లు జారుతున్నాయి. మూతి ముందుకి సాగి, వెనక్కి వెళ్లి, మళ్లీ సాగుతోంది. మామగారు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అని ఆవిణ్ణి అడిగారు.

"ముట్టుకోండి."

ఆయన చేతులు నీళ్లలో ముంచి, తడిమి, రెండు వేళ్లతో ఒక్క మెలిక తిప్పారు. కొక్కెం ఊడి ఆయన అరచేతిలోకి వచ్చింది. చేపకి తెలిసినట్టు కూడా లేదు. తెలిసే ఉంటుంది.

అత్తగారు దాన్నే చూస్తున్నారు. "ఇలాంటివి ఎన్ని పట్టి ఉంటారు మీరు?"

"లెక్కపెట్టలేదు."

"ఒక్కటీ నాకు చూపించలేదు."

"నీకు నీచు వాసన పడదన్నావుగా."

"పెళ్లైన కొత్తలో అన్నాను. ఒక్కసారి అన్నాను."

"ఒక్కసారి అంటే చాలదా?"

ఆవిడ తడి చీర కుచ్చెళ్లు పిండుకున్నారు. మమ్మల్ని మరిచిపోయినట్టు, "ఇక్కడ చేపలే లేవనుకునేదాన్ని," అన్నారు. "వారానికి ఒక పూటైనా నా మొహం చూడకుండా ఉండటానికి వస్తున్నారనుకునేదాన్ని."

మామగారు ఆవిడ చెవి వైపు చూశారు. నేను అక్కడుండకూడదనిపించి దారం చుట్టుకుంటూ పక్కకి తిరిగాను. ఈలాయన హ్యాండ్‌బ్యాగు పట్టుకుని ఆకాశం చూస్తున్నాడు.

"చేతులు తడుపుకో," అని మామగారు ఆవిడతో అనడం వినిపించింది. "ఆ... ఇప్పుడు ఒక చెయ్యి పొట్ట కింద. ఇంకోటి తోక దగ్గర. నొక్కకు. అది కదిలితే భయపడకు."

ఇద్దరూ గోనెపట్టాతో సహా దాన్ని నీళ్లలోకి దింపారు. అది వాళ్ల చేతుల మధ్య కాసేపు నిలబడి, మొప్పలు ఆడించి, తోక ఒకసారి విదిలించి వెళ్లిపోయింది. అది వెళ్లాక కూడా ఆవిడ చేతులు నీళ్లలోంచి తీయలేదు.

పరీక్ష గుర్తున్నది నాకొక్కడికే. ఆవిడ చెప్పులు తొడుక్కుని, బ్యాగు తీసుకుని, బస్సు స్టాపు వైపు బయలుదేరబోతుంటే అడిగాను. "అత్తయ్యా, మరి మామయ్య రావచ్చా ఇక?"

ఆవిడ ఆగారు. నన్ను చూశారు, నీళ్లని చూశారు. మొహం మళ్లీ పళ్లాలు తుడిచేటప్పటి మొహం అయింది.

"ఇది చెల్లదు అల్లుడుగారూ. మాట సాయం ఆయన చేశారు. వల నేను పట్టాను. మీరొక్కరే పట్టాలి కదా. మళ్లీ పట్టండి, వచ్చే ఆదివారం. నేను ఉండి చూడాలి."

"అప్పటికి వానలు వచ్చేస్తాయేమో."

"వస్తే తడుస్తాం," అని ముందు నడిచారు.

మామగారికి నా భుజం మీద చెయ్యి వేసి నడవడం అలవాటు. బట్టీ గోడ దాటాం. పచ్చి ఇటుకల వరసల మధ్య సన్నటి దారి. ముందు ఆవిడ తడికాళ్లకి చెప్పులు చప్పుడు చేస్తున్నాయి. ఆయన ఆ చప్పుడు వింటున్నారని అర్థమైంది.

"అల్లుడూ," అన్నారు గొంతు తగ్గించి.

"చెప్పండి మామయ్యా."

"రాయి మీద అంతసేపు కూర్చుంటే ఆవిడకి నడుం పట్టేస్తుంది. రేపు ఎక్కడైనా మడత కుర్చీ దొరుకుతుందేమో చూడు. వీపు ఆనుకునేది."